కాలువగట్టున సైకిలు ప్రయాణం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుస్తున్నాం. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఈ రోజు మనకు పండుగ అయింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే బహుమానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. ఇటువంటి రోజున కరువుభత్యం బకాయిల గురించి, వైద్యఖర్చుల గురించి మాట్లాడవలసినవారు మాట్లాడారు. నాకు మాత్రం కార్యదర్శిగారు ఇరవై నిమిషాలు ఇచ్చి, "మీరు అయిదుగురూ తెల్లవారుజామునే సైకిళ్ళు వేసుకుని ఎక్కడికి పోతుంటారో సభకు చెప్పండి" అన్నారు. చెబుతాను. ముఖ్యంగా మన కుటుంబ సభ్యులు వినాలని నా కోరిక. ఎందుకంటే మా సైకిళ్ళకు తాళాలు వేసింది వాళ్ళే.

సైకిలుకూ గుమాస్తాకూ ఉన్న సంబంధం ఈ సభలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1970లలో నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆఫీసు ఆవరణలో ఆఫీసరుగారి జీపు ఒకటి ఉంటే, గోడ వారన సైకిళ్ళు ముప్ఫై ఉండేవి. ప్రభుత్వం సైకిలు అడ్వాన్సు మంజూరు చేసేది. నెలనెలా జీతంలో కోసుకునేది. పట్నంలో అయితే మునిసిపాలిటీకి పన్ను కట్టి, రేకు బిళ్ళ తెచ్చి సైకిలుకు బిగించుకోవాలి. రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు. వెనక కారియరు మీద ఫైళ్ళకట్ట, హ్యాండిలుకు క్యారేజీ, ముందు కడ్డీ మీద బడికి పోయే పిల్లవాడు. సంసారం సగం దాని మీదే సాగింది.

1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో పనిచేసినవారు ఇక్కడ ఇంకా కొందరున్నారు. జీపు పోలేని చోటికి సైకిలు పోయింది. సైకిలు కూడా పోలేని చోట దాన్నే భుజాన వేసుకుని నడిచాం. నష్టపరిహారం జాబితాలు అలాగే తయారయ్యాయి. అప్పుడు మాకు దారి చూపించినవి రోడ్లు కావు, నీళ్ళ మధ్య మిగిలిన కాలువగట్లు. ఆ సంగతి తరువాత పనికివస్తుంది, గుర్తుపెట్టుకోండి.

రిటైరైన తరువాత కూడా మనలో చాలామంది సైకిలు వదలలేదు. పాలకు, కూరలకు, బ్యాంకుకు, ట్రెజరీకి దానిమీదే తిరిగేవాళ్ళం. కొన్నేళ్ళ క్రితం మన సంఘ సభ్యులొకరు ఉదయం పూట పెద్ద రోడ్డు అంచున సైకిలు మీద వెళుతుండగా వెనకనుంచి వచ్చిన లారీ తగిలి అక్కడికక్కడే పోయారు. ఆయన ఎడమపక్కనే వెళుతున్నారు. ముప్ఫైరెండేళ్ళ సర్వీసులో ఒక్క మెమో ఎరగని మనిషి, రోడ్డు మీద కూడా అంతే నియమంగా ఉండేవారు. ఆయన పేరు నేను చెప్పను, ఈ సభలో అందరికీ తెలుసు. ఆ వారంలోనే మన ఇళ్ళన్నింటిలో ఒకే ఉత్తర్వు అమలయింది. సైకిలు వరండాలోకి చేరింది, దాని మీద పాత దుప్పటి పడింది. మా ఇంట్లో మా కోడలు తాళంచెవి దాచేసింది. పిల్లల భయంలో తప్పు లేదు. బందరు రోడ్డు నాలుగు వరుసలయింది. అటువంటి రోడ్ల మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే బండి పక్కన పది, పన్నెండు కిలోమీటర్ల వేగంతో పోయే ముసలివాడు ఉండకూడదు. అది ఒప్పుకుంటాను.

కాని ఆ తరువాత ఏం జరిగింది? సైకిలు మానిన ఏడాదికి మా బృందంలో ఒకరికి మోకాళ్ళు పట్టేశాయి. ఇంకొకరికి షుగరు మాత్ర ఒకటి పెరిగింది. మూడో ఆయన ఇంట్లోనే కూర్చుని టీవీలో వార్తలు వింటూ అందరినీ తిట్టడం మొదలుపెట్టారు. నడవవచ్చు కదా అంటారు. నడిస్తే ఊరు దాటం. సైకిలు సీటు మీద కూర్చుంటే శరీరం బరువు మోకాళ్ళ మీద అంతగా పడదు, అరగంటలో పక్క ఊరు వస్తుంది. పక్క ఊరికి మన కాళ్ళతో మనం వెళ్ళి రాగలం అనే నమ్మకం పోయిన రోజునే మనిషికి ముసలితనం వస్తుంది.

ఆ పరిస్థితుల్లో పోయిన మిత్రుడి భార్య నన్ను పిలిపించింది. ఆయన సైకిలు ఇనప్పాత సామాన్లవాడికి వేయడం ఇష్టం లేదని, నన్ను తీసుకుపొమ్మని అన్నది. నేను సందేహించాను. "సైకిలు ఏం చేసింది అన్నయ్యగారూ, ఆ రోడ్డు మీద నడపవలసిన బండి కాదది, అంతే" అన్నది ఆమె. ఆ మాటతో నాకు విషయం తేటపడింది. వదలవలసింది సైకిలును కాదు, పెద్ద రోడ్డును. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే.

లారీలు రాని రోడ్డు ఎక్కడుంది? మన జిల్లాలో దాన్ని వెతకనక్కరలేదు. కాలువగట్టే ఆ రోడ్డు. విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, నిలబడి కట్టించినవాడు చార్లెస్ ఓర్ అనే సైనిక ఇంజనీరు. ఆ ఆనకట్ట దాదాపు వందేళ్ళు పనిచేసి 1952 వరదలో దెబ్బతిన్నది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడినుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, ఒకప్పుడు పడవలను కూడా మోశాయి. ధాన్యం, ఉప్పు, మనుషులు అన్నీ పడవల మీద పోయేవి. గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. వాళ్ళ కాళ్ళు తొక్కిన బాటే, కాలువల పర్యవేక్షణకు ఓవర్సీర్లు గుర్రం మీద, ఆ తరువాత సైకిలు మీద తిరిగిన బాటే, ఈనాటి గట్టు రోడ్డు.

అందువల్ల ఆ బాటకు కొన్ని గుణాలు వచ్చాయి. నీటికి పల్లం ఎంత కావాలో గట్టుకూ అంతే పల్లం. కాబట్టి ఎక్కుడు లేదు, దిగుడు లేదు. డెబ్బై ఏళ్ళ గుండెకు అది చాలా పెద్ద సదుపాయం. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చెట్లు, ఎండ పొద్దెక్కేదాకా తగలదు. గట్టు వెడల్పు తక్కువ కాబట్టి బరువు లారీలకు వీలు కాదు. పెద్ద రోడ్లు వెడల్పయ్యే కొద్దీ వేగంగా పోవలసినవాళ్ళందరూ అటే వెళ్ళిపోయారు, ఇటు రైతు, గేదె, బడిపిల్లలు, మేము మిగిలాం. ఇంకొక విశేషం చెబుతాను. 2015 తరువాత పట్టిసీమ ఎత్తిపోతల వల్ల గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసి మన కాలువలకు వస్తున్నాయి. ఇక్కడి కాలువగట్టున సైకిలు తొక్కుతూ గోదావరి నీళ్ళు చూడవచ్చునని మన తండ్రులకు చెబితే నవ్వి ఉండేవారు.

హైదరాబాదులో బయటి వలయ రహదారి పక్కన 2023లో సుమారు 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రత్యేకంగా కట్టారు. మంచి పని. అయితే వాళ్ళు డబ్బు పెట్టి కట్టుకోవలసి వచ్చింది. మనకు నూటయాభై ఏళ్ళ క్రితమే తాతముత్తాతలు మట్టి మోసి ఇచ్చిపోయారు. ఆ బాట ఎక్కడెక్కడికి తీసుకుపోతుందో చూద్దాం.

మేము అయిదుగురం. ఒక లెక్కల మాస్టారు, ఒక రిటైర్డు డిప్యూటీ తహసీల్దారుగారు, ఒక పోస్టుమాస్టరుగారు, పశువుల ఆసుపత్రిలో పనిచేసిన కాంపౌండరుగారు, నేను. మొత్తం దారిని ఒకేరోజు తొక్కం. నాలుగు ఉదయాలుగా పంచుకున్నాం. ఏ ఉదయమూ రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లు దాటదు. మధ్యలో గట్టు తెగిపోయిన చోట ఊరి రోడ్డు ఎక్కుతాం, మళ్ళీ గట్టు దొరకగానే దిగుతాం. ఎక్కడ బయలుదేరినా జాతీయ రహదారి మీద తొక్కడం మాత్రం మాకు నిషేధం. దాటవలసి వస్తే దిగి, నడిపించుకుని దాటుతాం.

మొదటి ఉదయం కూచిపూడి, భట్లపెనుమర్రు, మొవ్వ. ఈ మూడూ ఒకదానికొకటి కూతవేటు దూరం ఊళ్ళు. కూచిపూడి గురించి మీకు నేను చెప్పేదేముంది? సిద్ధేంద్రయోగి భామాకలాపం నేర్పాడని, గోలకొండ నవాబు తానీషా వీళ్ళ ఆట చూసి సంతోషించి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటారు. తానీషా పాలన 1672లో మొదలై 1687లో గోలకొండ పతనంతో ముగిసింది. ఆయన రాజ్యం పదిహేనేళ్ళు, ఆయన ఇచ్చిన ఊళ్ళో ఆట మూడువందల ఏళ్ళు. ఆడవేషం మగవాళ్ళే కట్టిన ఆ సంప్రదాయంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఆయన 2012లో కాలం చేశారు. మేము తెల్లవారుజామున ఆ వీధిలోంచి పోతున్నప్పుడు ఒక్కోసారి లోపలినుంచి తట్టుకర్ర చప్పుడు వినిపిస్తుంది. మోటారు సైకిలు మీద పోయేవాడికి అది వినపడదు.

అక్కడినుంచి భట్లపెనుమర్రు. చిన్న ఊరు. పింగళి వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న ఇక్కడ పుట్టారు. 1916లో జాతీయ పతాకం గురించి పుస్తకం వేశారు, 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య, జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అనిపించుకున్న మనిషి, 1963లో చాలా సామాన్యంగా వెళ్ళిపోయారు. ప్రతి ఆగస్టు 15న ఆఫీసుల మీద మనం ఎగరేసిన జెండాకు మూలపురుషుడి ఊరు మన ఆఫీసులకు సైకిలు దూరంలో ఉంది. సర్వీసంతా ఈ జిల్లాలో చేసి ఆ ఊరు చూడనివాళ్ళు మాలోనే ఇద్దరున్నారు.

మూడో ఊరు మొవ్వ. ఇక్కడి వేణుగోపాలస్వామే క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు. క్షేత్రయ్య పదిహేడో శతాబ్దం మనిషి. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువుదాకా వెళ్ళి మెప్పు పొందాడు. వేలకొద్దీ పదాలు కట్టాడంటారు, మనకు మిగిలినవి కొన్ని వందలే. ఇక్కడినుంచి తంజావూరు ఎంత దూరమో ఒకసారి లెక్క వేయండి. ఆయన కాలినడకనే వెళ్ళి ఉంటాడని మా మాస్టారు అంటారు. కూచిపూడి నుంచి మొవ్వకు సైకిలు మీద వచ్చి ఆయాసపడితే ఆయన ఊరుకోరు, తంజావూరు గుర్తుచేస్తారు.

రెండో ఉదయం ఘంటసాల. కూచిపూడికి సుమారు 12 కిలోమీటర్లు. ఈ పేరు వినగానే మనకు గాయకుడు గుర్తుకొస్తాడు. ఆయన 1922లో పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, ఇంటిపేరు మాత్రం ఈ ఊరిది. ఊరు ఆ ఇంటిపేరు కంటే చాలా పాతది. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు భూగోళ పండితుడు తూర్పుతీరాన కంటకొస్సుల అనే వ్యాపార కేంద్రం ఉందని రాశాడు. ఆ కంటకొస్సులే ఘంటసాల. ఇక్కడినుంచి సరుకు ఓడలకెక్కి దూరదేశాలకు పోయింది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాలన్నీ ఒక శాసనంలో వరుసగా రాయించింది. అందులో కంటకసేలలోని మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతిమండపం ఒకటి. పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఒక ఆడమనిషి తన పేరుతో దానం చేసి, పద్దు రాయించి, రాతి మీద చెక్కించింది. రికార్డు అంటే అదీ అని మా డిప్యూటీ తహసీల్దారుగారు అక్కడే దణ్ణం పెట్టారు.

ఆ స్తూపాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర అలెగ్జాండర్ రీ తవ్వించాడు. ఇప్పుడు మిగిలింది ఇటుకల దిబ్బ. లోపలి ఇటుక గోడలు నడిమి కుండ నుంచి అంచు వరకూ బండిచక్రం ఆకుల్లా అమర్చి, మధ్య ఖాళీల్లో మట్టి కూరి కట్టారు. ఇటుక తక్కువ పడుతుంది, కట్టడం గట్టిగా నిలుస్తుంది. సైకిలు చక్రంలో పుల్లలు చేసే పని కూడా అదే కదా అని కాంపౌండరుగారు అన్నారు. ఇక్కడి పాలరాతి శిల్పాలలో మంచివి కొన్ని ఇప్పుడు పారిస్‌లో గీమే మ్యూజియంలో ఉన్నాయి. మన పిల్లలు విదేశాలు వెళ్ళినప్పుడు టికెట్టు కొనుక్కుని అక్కడ చూస్తారు. అవి పుట్టిన నేల ఇక్కడ, వరిచేల మధ్య ఉంది, వాళ్ళలో ఎంతమంది చూశారో అడగండి. ఊళ్ళో జలధీశ్వరస్వామి గుడిలో శివుడూ పార్వతీ ఒకే పానవట్టం మీద కొలువై ఉంటారు. దంపతులు కలిసి చూడవలసిన గుడి అంటారు. మా ఆవిడను సైకిలు మీద కాదుగాని ఆటోలో తీసుకువెళ్ళి చూపించాను.

మూడో ఉదయం శ్రీకాకుళం. ఉత్తరాన ఉన్న జిల్లా కాదు, మన కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఘంటసాలకు సుమారు 10 కిలోమీటర్లు. దారిలో కృష్ణా తూర్పు గట్టు కాలువ, అంటే మన ఇరిగేషన్ మిత్రులు కె.ఇ.బి. అని పిలిచే కాలువ కనిపిస్తుంది. దివిసీమకు నీళ్ళు తీసుకుపోయేది ఇదే. శ్రీకాకుళంలో దేవుడు ఆంధ్రమహావిష్ణువు. కృష్ణదేవరాయలు కళింగం మీదికి దండెత్తి వెళుతూ ఇక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యద పీఠికలో రాయలవారే చెప్పుకున్నారు. సామ్రాజ్యం ఏలిన రాజుకు తెలుగులో రాయమని ఆజ్ఞ అయింది ఈ ఊళ్ళో. మా సర్వీసులో ఇంగ్లీషులో డ్రాఫ్టులు రాసి రాసి అలిసిపోయిన మాకు ఆ మండపం దగ్గర కూర్చుంటే వేరే విధమైన తృప్తి.

అదే దేవుణ్ణి తరువాత కాలంలో కాసుల పురుషోత్తమ కవి నిలదీశాడు. ఆయన దగ్గరలోని పెదప్రోలువాడు, చల్లపల్లి సంస్థానం ఆశ్రయంలో ఉన్నవాడు. గుడి ఆదాయం పోయి, స్వామికి నైవేద్యం కూడా సరిగ్గా జరగని రోజుల్లో ఆంధ్రనాయక శతకం చెప్పాడంటారు. తిట్టినట్టే ఉంటుంది, పొగిడినట్టే ఉంటుంది. బకాయిలు రాకపోతే అర్జీ ఎలా పెట్టాలో మన సంఘం వారు ఆ శతకం చదివి నేర్చుకోవచ్చు.

నాలుగో ఉదయం శ్రీకాకుళం నుంచి కృష్ణ కరకట్ట పట్టుకుని దిగువకు, పెదకళ్ళేపల్లి వైపు. కాలువగట్టు వేరు, కరకట్ట వేరు. కరకట్ట నది వరద ఊళ్ళ మీదికి రాకుండా వేసిన ఎత్తయిన కట్ట. దాని మీద నుంచి చూస్తే ఒక పక్క లంకలు, అరటి, పసుపు, ఇంకో పక్క వరి. పెదకళ్ళేపల్లిలో దుర్గానాగేశ్వరస్వామి గుడి ఉంది. తాళ్ళపాక అన్నమాచార్యుల రాగిరేకులను వెలుగులోకి తేవడానికి పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1888లో ఈ ఊళ్ళోనే పుట్టారు. సినిమా పాటల వేటూరి సుందరరామమూర్తిగారిదీ ఈ ఊరే. ఇంకా దిగువకు పోతే అవనిగడ్డ, ఆపైన ఉప్పెన మింగిన పల్లెలు. మేము పెదకళ్ళేపల్లి దగ్గర ఆగి వెనక్కి తిరుగుతాం. పోస్టుమాస్టరుగారు మాత్రం ప్రతిసారీ కాసేపు దక్షిణం వైపు చూస్తూ నిలబడతారు. ఉప్పెన తరువాత ఆ పల్లెల చిరునామాలకు వచ్చిన ఉత్తరాలు, మనియార్డర్లు తీసుకునేవాళ్ళు లేక తిరిగిపోయిన సంగతి ఆయనకు తెలుసు.

లెక్క చూడండి. నాలుగు ఉదయాల్లో నాలుగు గంటల దూరంలో బౌద్ధస్తూపం, రాయల మండపం, క్షేత్రయ్య గుడి, సిద్ధేంద్రుడి వీధి, పింగళి వెంకయ్యగారి ఊరు, కాటన్ నాటి కాలువ. కారులో ఇవన్నీ ఒక పూటలో చూసి రావచ్చు. కాని కారులో ఊరికీ ఊరికీ మధ్య ఉన్నది కనపడదు. సైకిలు మీద మినపచేను వాసన తెలుస్తుంది. కుప్ప నూరుస్తున్న రైతు "ఏం పంతులుగారూ, ఈ వయసులో ఏమిటీ పని" అని పలకరిస్తాడు, ఆగి నాలుగు మాటలు చెబుతాం. వరి ఎంత పండిందో, ధర ఎంత పలికిందో పేపరు కంటే ముందు మాకు తెలుస్తుంది. మనుషులతో మాట్లాడని రోజు మాకు లేదు. రిటైరైనవాడికి అంతకంటే మందు ఏముంది?

ఇప్పుడు కొన్ని ఆచరణ విషయాలు. మొదటిది, డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టవద్దు. గుండె జబ్బు, కళ్ళు తిరగడం, చూపు తగ్గడం ఉన్నవారు తప్పనిసరిగా అడగాలి. రెండు, కడ్డీ మీదినుంచి కాలు తిప్పి ఎక్కలేనివారు లేడీస్ సైకిలు కొనుక్కోండి. నామోషీ పడవద్దు. మాలో ముగ్గురివి అవే. మూడు, సీటు ఎత్తు సరిచూసుకోండి. తొక్కుడు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి వస్తుంది, నింద సైకిలు మీద పడుతుంది. నాలుగు, బ్రేకులు, గాలి, బెల్లు బయలుదేరే ముందు రోజే చూసుకోవాలి. అట్లాస్ కంపెనీ వాళ్ళ సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020లో మూతపడింది, అయినా పాత సైకిళ్ళకు పనికివచ్చే సామాను ఊళ్ళో సైకిలు షాపుల్లో దొరుకుతూనే ఉంది.

అయిదు, ఒంటరిగా వెళ్ళవద్దు. ఒకరి వెనక ఒకరుగా పోవాలి. జేబులో పేరు, ఇంటి ఫోను నంబరు, వేసుకునే మందుల చీటీ ఉండాలి. షుగరు ఉన్నవారి దగ్గర బెల్లంముక్క ఉండాలి. ఆరు, ధనుర్మాసంలో మంచు విడిచేదాకా బయలుదేరవద్దు. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద చక్రం జారుతుంది. దిగి నడవండి, రైతు కూడా సంతోషిస్తాడు. వానాకాలంలో గట్టు బురద, పాములు. ఆ నెలల్లో ఊరి సిమెంటు రోడ్లతో సరిపెట్టుకుంటాం. ఏడు, ఇసుక లారీలు తిరిగే రోజుల్లో కరకట్ట ఎక్కం. ముందు రోజు ఆ ఊరి టీ కొట్టుకు ఫోను చేసి కనుక్కుంటాం.

చివరగా సంఘానికి నా మనవులు మూడు. గట్టు రోడ్లు ఎల్లకాలం ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. గట్టును వెడల్పు చేసి తారు వేస్తే ఆ మరుసటి నెల నుంచి పెద్ద రోడ్డు మీది బళ్ళు అడ్డదారి అని ఇటే వస్తాయి. పూర్వం కాలువగట్ల మొదట్లో బరువు బళ్ళు ఎక్కకుండా అడ్డుకర్రల గేట్లు ఉండేవి, ఇరిగేషన్‌లో పనిచేసినవారికి తెలుసు. అటువంటి అడ్డులు మళ్ళీ పెట్టమని, కనీసం ఉదయం తొమ్మిది గంటలదాకా బరువు బళ్ళను ఆపమని సంఘం తరఫున అధికారులకు వినతిపత్రం ఇవ్వాలి. అర్జీ రాయడం మనకు కొత్త కాదు. ముసాయిదా నేను తయారుచేసి తెచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తున్నాను. ఇది మన ఒక్కరి కోసం అడగడం కాదు. ఆ గట్టు మీద బడికి పోయే ఆడపిల్లలు మనకంటే ఎక్కువమంది ఉన్నారు.

రెండో మనవి, గట్టున కొట్టేసిన చెట్ల స్థానంలో మొక్కలు నాటే పని మన సభ్యులు తలా ఒకటి తీసుకోవాలి. చనిపోయిన మన సభ్యుల పేర్ల మీద నాటుదాం. మొదటి మొక్క ఎవరి పేరు మీద నాటాలో మీకు చెప్పనక్కరలేదు.

మూడో మనవి కుటుంబ సభ్యులకు. అమ్మా, బాబూ, మీ భయం మీ ప్రేమే. పెద్ద రోడ్డు మీదికి మమ్మల్ని పంపవద్దు, మేమూ వెళ్ళం. కాని సైకిలుకు వేసిన తాళం మాత్రం తీయండి. ఏడాదికోసారి మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. బతికి ఉన్నామని ట్రెజరీ వారికి అది చాలు. మాకు మేము చెప్పుకోవడానికి మాత్రం వారానికోసారి పక్క ఊరి దాకా వెళ్ళి రావాలి. నమ్మకం లేకపోతే మీరూ ఒక సైకిలు తెచ్చుకుని మా వెంట రండి. మా మనవడు మొన్న సెలవులకు వచ్చి ఘంటసాల దాకా తొక్కాడు. తిరుగుదారిలో నాకంటే ముందు వాడే అలిసిపోయాడు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఏడు గంటలకు మొవ్వ వేణుగోపాలస్వామి గుడి ముందు కలుద్దాం. భట్లపెనుమర్రు, కూచిపూడి చూసుకుని తొమ్మిదిన్నరకల్లా ఇళ్ళకు చేరతాం. సైకిలు లేనివారికి మా బృందంలో రెండు మిగులు సైకిళ్ళున్నాయి, ముందుగా చెబితే తెచ్చిపెడతాం. శనివారం సాయంత్రమే గాలి కొట్టించుకోండి.